ఖాళీ గడి సున్నా కాదు

(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద ఆన్‌లైన్ కోర్సుల్లో విద్యార్థుల మార్కుల రిజిస్టరు ఎలా నడుస్తుంది, ఎలా నడవాలి అనే విషయం ఎందుకయ్యా అని మీలో కొందరికి అనిపించవచ్చు. అందుకు మూడు కారణాలు మనవి చేస్తాను. మొదటిది, మన మనవలు, మనవరాళ్లు ఇప్పుడు ఏదో ఒక కోర్సు కంప్యూటరు మీదనో, సెల్‌ఫోను మీదనో చదువుతున్నారు. రెండవది, మనలో బోధన వృత్తి నుంచి వచ్చినవారు కొందరు పదవీ విరమణ తర్వాత కూడా అటువంటి కోర్సులకు పాఠాలు చెబుతున్నారు. నేనూ వారిలో ఒకడిని. డిగ్రీ కళాశాలలో కామర్సు లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యాక, ఒక ప్రైవేటు కళాశాలవారు కోరితే కొన్నేళ్లు అకౌంటెన్సీ చెప్పాను. మూడవ కారణం ముఖ్యమైనది. రికార్డులో ఒక నమోదు లేకపోతే మనిషికి ఏం జరుగుతుందో పెన్షనర్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

సర్వీసు రిజిస్టరు సంగతి తలచుకోండి. ప్రొబేషను పూర్తయినట్లు ఉత్తర్వు వచ్చింది కాని రిజిస్టరులో ఎక్కలేదు. సంపాదిత సెలవు ఖాతా రెండేళ్లు వేయలేదు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి బదిలీ అయినప్పుడు ఆ మధ్య కాలానికి సర్వీసు వెరిఫికేషను సంతకం లేదు. ఇవన్నీ ముప్పై ఏళ్లు నిద్రపోయి, పెన్షను కాగితాలు పంపే నాడు ఒక్కసారిగా లేచి కూర్చుంటాయి. అలాగే ఏటా మనం ఇచ్చే జీవన ధ్రువపత్రం. అది అందకపోతే పెన్షను ఆగిపోతుంది. ట్రెజరీ వారు మనం చనిపోయామని అనరు, బతికి ఉన్నామనీ అనరు. కాగితం లేదంటారు, అంతే. పత్రం ఇచ్చిన తర్వాత ఆగిన పెన్షను తిరిగి వస్తుంది. ఈలోగా పడే ఇబ్బంది మనది.

ఆన్‌లైన్ కోర్సులో మార్కుల రిజిస్టరుకు గ్రేడ్‌బుక్ అని పేరు. అందులో ఒక గడి ఖాళీగా ఉంటే ఆ విద్యార్థికి జరిగేది కూడా సరిగ్గా ఇటువంటిదే. ఈ ఒక్క సంగతి చుట్టూనే నా ప్రసంగమంతా తిరుగుతుంది.

గ్రేడ్‌బుక్ అనగానే కంగారు పడనక్కరలేదు. మనం వాడిన మార్కుల రిజిస్టరే అది. అడ్డు వరుసల్లో విద్యార్థుల పేర్లు, నంబర్లు. నిలువు వరుసల్లో ఒక్కొక్క పరీక్ష, ఒక్కొక్క ఇంటిపని. చివర మొత్తం, శాతం. తేడా ఏమిటంటే, కూడికలు, సగటులు యంత్రం చేస్తుంది. పాత రిజిస్టరు బీరువాలో ఉండేది, తాళం చెవి హెడ్ గుమాస్తా దగ్గర ఉండేది. ఇది ఉపాధ్యాయుడు, విద్యార్థి ఎవరికి వారు తమ తమ పాస్‌వర్డుతో ఎక్కడి నుంచైనా తెరిచి చూసుకునేది. ఇటువంటి ఏర్పాట్లలో బాగా వ్యాప్తిలో ఉన్నవి రెండు చెబుతాను. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియమాస్ రూపొందించిన మూడుల్ 2002లో విడుదలయింది. దానిని ఏ కళాశాలైనా రుసుము లేకుండా తెచ్చి పెట్టుకోవచ్చు. గూగుల్ వారి క్లాస్‌రూమ్ 2014లో వచ్చింది. 2020లో కరోనా వల్ల తరగతులు మూతపడ్డాక మన పల్లెల్లోని పిల్లలకు కూడా ఈ మాటలు తెలిశాయి.

దూరాన ఉండి చదువుకోవడం మనకు కొత్త కాదు. 1982లో మన రాష్ట్రంలోనే దేశంలోకెల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు మీద ఉన్నది. ఉద్యోగం చేస్తూ అక్కడ డిగ్రీ పూర్తి చేసి ప్రమోషను పొందినవారు ఈ సభలోనే ఉండి ఉంటారు. ఆనాడు పుస్తకాలు పోస్టులో వచ్చేవి, ఆదివారాలు స్టడీ సెంటరుకు వెళ్లేవారు. మార్కుల సంగతి ఫలితాలు వచ్చేదాకా తెలిసేది కాదు. ఇప్పుడు వారం వారం తెలుస్తుంది. తెలిసేదేమిటో సరిగా అర్థం చేసుకోవడంలోనే ఉంది చిక్కు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక కోర్సులో నాలుగు అసైన్‌మెంట్లు ఉన్నాయి. ఒక కుర్రవాడు మొదటిదాంట్లో 80, రెండవదాంట్లో 70 తెచ్చుకున్నాడు. మూడు, నాలుగు ఇవ్వలేదు. అతని శాతం ఎంత? ఖాళీ గడులను లెక్కలోకి తీసుకోవద్దని రిజిస్టరుకు చెబితే 150ని రెండుతో భాగించి 75 చూపుతుంది. ఖాళీలను సున్నాగా తీసుకోమంటే అదే 150ని నాలుగుతో భాగించి 37.5 చూపుతుంది. ఒకే పిల్లవాడు, ఒకే రిజిస్టరు. ఒక మీట అటు నొక్కితే డిస్టింక్షను, ఇటు నొక్కితే ఫెయిలు. మూడుల్‌లో ఈ మీట, మనం మార్చకపోతే, ఖాళీలను వదిలేసే స్థితిలోనే ఉంటుంది. అందువల్ల కోర్సు సగంలో ఉండగా తెర మీద కనిపించే శాతం చూసి పిల్లవాడు బాగా చదువుతున్నాడనుకుంటే పొరపాటే కావచ్చు. కోర్సు ముగిశాక ఉపాధ్యాయుడు ఖాళీలన్నింటినీ సున్నా చేసినప్పుడు ఆ 75 కాస్తా 37.5 అవుతుంది. అప్పుడు ఇంట్లో గొడవ.

రెండూ యంత్రం తప్పులు కావు, రెండూ సరైన కూడికలే. కాని సున్నాకు ఒక అర్థం ఉంది: పని చూశాము, మార్కు రాలేదు అని. లేదా గడువు దాటింది, విచారించాము, కారణం లేదు అని. ఖాళీకి అర్థం అది కాదు. ఇంకా ఇవ్వలేదేమో, ఇచ్చినా ఉపాధ్యాయుడు దిద్దలేదేమో, దిద్దినా ఎక్కించలేదేమో, పిల్లవాడు జబ్బుపడ్డాడేమో, వేరే పేరుతో పంపాడేమో. అకౌంటెన్సీలో దీనికి చక్కని ఏర్పాటు ఉంది. అంకణాలో తేడా వస్తే, కారణం తెలిసేదాకా ఆ మొత్తాన్ని అనామతు ఖాతాలో ఉంచుతాం. కారణం దొరికాక సరైన ఖాతాకు మార్చి అనామతు ఖాతాను మూసేస్తాం. ఏళ్ల తరబడి దాన్ని తెరిచి ఉంచిన గుమాస్తా మంచి గుమాస్తా కాడు. కారణం వెతక్కుండా నష్టాల్లో రాసేసినవాడూ కాడు. ఖాళీ గడి కూడా అనామతు ఖాతాయే. అది ఉన్నంతకాలం ఎవరో ఒకరు వెతుకుతూ ఉండాలి.

పూర్వం దినపత్రికల్లో పదవ తరగతి ఫలితాలు వచ్చిన రోజు గుర్తు తెచ్చుకోండి. వరుసగా నంబర్లు మాత్రం వేసేవారు. నంబరుంటే ప్యాసు. లేకపోతే ఫెయిలని వేరే రాయనక్కరలేదు, లేకపోవడమే తీర్పు. అచ్చుతప్పు వల్ల నంబరు జారిపోయినా ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగేది కాదు. మర్నాడు బడికి వెళ్లి మార్కుల జాబితా చూసుకుంటే గాని ప్రాణం కుదుటపడేది కాదు. ఖాళీని తీర్పుగా చదివే అలవాటు మనకు అక్కడి నుంచే వచ్చిందేమోనని నా అనుమానం.

నా అనుభవంలో జరిగిన ఒక సంగతి చెబుతాను. 2020–21 విద్యా సంవత్సరం. తరగతులన్నీ ఫోను మీదే. వారం వారం పది మార్కులకు లెక్కలిచ్చేవాణ్ణి. రెండవ సంవత్సరం చదివే ఒక అమ్మాయికి మొదటి మూడు వారాల్లో 8, 9, 7 వచ్చాయి. ఆ తర్వాత నాలుగు వారాలు వరుసగా ఖాళీ. ఆమె పేరు ఎదురుగా తెర మీద 80 శాతం అని నిక్షేపంగా కనబడుతున్నది. ఖాళీలను సున్నా చేస్తే 34 శాతం. నెలాఖరున శాతాల జాబితా మాత్రమే చూసేవారికి ఈ అమ్మాయి మీద దృష్టి పడే అవకాశమే లేదు, ఎనభై ఉన్నవారిని ఎవరు పిలుస్తారు? నేను ప్రతి శుక్రవారం శాతాలు పక్కన పెట్టి ఖాళీలు మాత్రమే చూసేవాణ్ణి. వరుసగా రెండు ఖాళీలుంటే సందేశం, మూడుంటే ఫోను అని నియమం పెట్టుకున్నాను. సందేశానికి జవాబు లేదు. ఫోను చేస్తే ఆమె నాయనమ్మ ఎత్తింది.

"అమ్మాయి లెక్కలు చేస్తానే ఉంది బాబూ, నోటుబుక్కు నిండిపోయింది కూడా. ఫోను ఒకటే గదా, పిల్లోడి క్లాసు, దాని క్లాసు ఒకే టయానికి. వాడు పదో తరగతి. నాది తర్వాత చూసుకుంటాలే అంటది. పొద్దుగూకితే వాళ్ల నాన్న ఫోను పట్టుకుని బండి మీద పోతాడు" అన్నది.

నాలుగు వారాల లెక్కలూ ఆ నోటుబుక్కులో ఉన్నాయి. ప్రిన్సిపాలు గారికి లిఖితపూర్వకంగా తెలియజేసి, ఆయన అనుమతి తీసుకుని, ఆదివారం పూట ఆ పేజీలను ఫోటోలు తీసి పంపమన్నాను. దిద్ది మార్కులు వేశాను. ప్రతి గడి పక్కన ఉండే వ్యాఖ్య స్థానంలో "ఆలస్యానికి కారణం ఫోను లేకపోవడం, ప్రిన్సిపాలు అనుమతి ఫలానా తేదీన" అని రాశాను. అక్కడి నుంచి ఆమెకు గడువు ఆదివారం రాత్రి వరకు ఇచ్చాము. ఆ సెమిస్టరు ఆమె ప్యాసయింది. ఆ 80 నిజం కాదు, ఆ 34 కూడా నిజం కాదు. నిజం నోటుబుక్కులో ఉంది. దానిని రిజిస్టరులోకి తెచ్చింది నాయనమ్మ ఎత్తిన ఫోను.

ఇక వెసులుబాటు లేని కోర్సుల సంగతి. ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు కలిసి నడిపే ఎన్.పి.టి.ఇ.ఎల్. కోర్సులు, కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం వేదిక మీద దొరుకుతాయి. మన పిల్లల్లో చాలామంది ఇంజనీరింగు విద్యార్థులు వీటిని చదువుతున్నారు. ఆసక్తి ఉంటే మనమూ చేరవచ్చు, వయోపరిమితి లేదు. అక్కడి లెక్క ఇలా ఉంటుంది. పన్నెండు వారాల కోర్సులో వారానికొక అసైన్‌మెంటు. పన్నెండింటిలో ఎక్కువ మార్కులు వచ్చిన ఎనిమిదింటి సగటు తీసుకుని దానికి 25 మార్కులు కేటాయిస్తారు. చివరి పరీక్షకు 75. సర్టిఫికెట్టు రావాలంటే అసైన్‌మెంట్లలో 25కు కనీసం 10, పరీక్షలో 75కు కనీసం 30, రెండూ విడివిడిగా రావాలి.

ఇప్పుడు చూడండి. ఒక విద్యార్థి నాలుగు అసైన్‌మెంట్లు మాత్రమే ఇచ్చి, నాలుగింటిలోనూ 75 తెచ్చుకున్నాడు. మొత్తం 300. ఎనిమిదితో భాగిస్తే 37.5. దానిలో నాలుగవ వంతు 9.4 కూడా లేదు, పదికి తక్కువ. పరీక్షలో నూటికి తొంభై వచ్చినా సర్టిఫికెట్టు రాదు. మరొకడు ఎనిమిదీ ఇచ్చి, ఒక్కొక్కదానిలో 50 మాత్రమే తెచ్చుకున్నాడు. వాడికి 12.5 వచ్చి గట్టెక్కుతాడు. మొదటివాడు తెలివిగలవాడే, ఖాళీలు ముంచాయి. "పరీక్ష బాగా రాస్తాలే తాతయ్యా" అని మనవడు అన్నప్పుడు మనం అడగవలసిన ప్రశ్న ఇది: "ఎన్ని వారాలు సమర్పించావు?"

ఇందులో ఇంకో సంగతి కూడా ఉన్నది. యు.జి.సి. 2021లో చేసిన నిబంధనల ప్రకారం, ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదివి, ఆ క్రెడిట్లను తమ డిగ్రీకి కలుపుకోవడానికి విశ్వవిద్యాలయాలు అనుమతించవచ్చు. అంటే అక్కడి మార్కు ఇక్కడి మెమోలోకి వచ్చి చేరాలి. ఒక రిజిస్టరు నుంచి ఇంకో రిజిస్టరుకు మార్కు ప్రయాణం చేసేటప్పుడే ప్రమాదాలు జరుగుతాయి.

మొదటి ప్రమాదం పేరు. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, చాలామంది పొడి అక్షరంతోనే సరిపెడతాము. పదవ తరగతి మెమోలో "కె. శ్రీనివాసరావు" అని ఉంటే, ఆన్‌లైన్ దరఖాస్తులో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులిస్తారు. ఒకసారి శ్రీనివాస ముందు, రావు వెనుక. మరోసారి ఇంటిపేరు పూర్తిగా. రెండు రికార్డులూ ఒకే మనిషివని యంత్రానికి తెలియదు. పైగా ఒకే తరగతిలో ఇద్దరు కె. శ్రీనివాసరావులు ఉండటం మనకు వింత కాదు. అందుకే మన పాతవారు పేరును కాక హాల్‌టికెట్టు నంబరును పట్టుకునేవారు. అదే సరైన పద్ధతి. నంబరు తాళంచెవి, పేరు తలుపు మీద బోర్డు మాత్రమే.

రెండవ ప్రమాదం ఆ నంబరుకే వస్తుంది. మార్కులను గ్రేడ్‌బుక్ నుంచి దించి ఎక్సెల్‌లో తెరిచినప్పుడు, సున్నాతో మొదలయ్యే నంబరుకు ముందున్న సున్నా మాయమవుతుంది. పన్నెండు అంకెల నంబరు మధ్యలో చుక్క, వెనుక ఇంగ్లీషు ఇ అక్షరంతో గుర్తుపట్టలేని రూపంలో కనబడుతుంది. పదిహేను అంకెలు దాటితే ఆ పై అంకెలు సున్నాలైపోతాయి. నంబరును అంకెగా కాక అక్షరాలుగా చదవమని ముందే చెబితే ఈ బాధ ఉండదు.

మూడవది అన్నిటికంటె పెద్దది. పేర్లను అకారాది క్రమంలో పేర్చేటప్పుడు పేర్ల వరుసను మాత్రమే ఎంచి, మార్కుల వరుసను వదిలేస్తే, ఒకరి మార్కులు ఇంకొకరి ఎదురుగా వచ్చి కూర్చుంటాయి. కూడిక సరిపోతుంది, తరగతి సగటు సరిపోతుంది, తప్పు ఎక్కడా బయటపడదు. పూర్వం టాబ్యులేషను చేసేటప్పుడు ఒకరు నంబరు, మార్కు పైకి చదివితే రెండవవారు రిజిస్టరులో చూసి టిక్కు పెట్టేవారు. ఇప్పుడూ, కలిపిన తర్వాత, అక్కడక్కడ పది నంబర్లు ఏరి అసలుతో పోల్చి చూడటం పావుగంట పని. యంత్రం కూడికలో పొరపాటు చేయదు, నిజమే. ఎవరి మార్కు ఎవరి ఎదుట ఉందో చూసుకోవలసింది మాత్రం మనిషే.

దిద్దుబాట్ల గురించి ఒక మాట. మన రోజుల్లో రిజిస్టరులో అంకె చెరపడం నేరం. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పాతది కనబడేలా ఉంచి, పైన కొత్తది రాసి పొట్టి సంతకం, తేదీ వేసేవాళ్లం. కంప్యూటరులో అంకె మార్చితే పాతది కంటికి కనబడదు. కాని మూడుల్ వంటి వాటిలో ఎవరు, ఎప్పుడు, ఎంత నుంచి ఎంతకు మార్చారో చరిత్ర లోపల నమోదవుతుంది. అధికారం ఉన్నవారు తీసి చూడవచ్చు. అందుకే ఒకరి పాస్‌వర్డుతో మరొకరు మార్కులు ఎక్కించకూడదు. "సారు బిజీగా ఉన్నారు, నేనే వేసేశాను" అని సహాయకుడు అన్నాడంటే, సంతకం సారుది, చేయి ఇంకొకరిది అన్నమాట. ఆడిట్ పార్టీ వచ్చిన ఆఫీసుల్లో పనిచేసినవారికి దీని అర్థం నేను చెప్పనక్కరలేదు.

ఇక మార్కును విద్యార్థికి తెలియజేయడం. రిజిస్టరులో ఎక్కించడంతో సగం పనే అవుతుంది. గూగుల్ క్లాస్‌రూమ్‌లో ఉపాధ్యాయుడు మార్కు వేసినా, దిద్దిన పనిని తిరిగి ఇచ్చే మీట నొక్కేదాకా అది చిత్తుప్రతిగానే ఉంటుంది, విద్యార్థికి కనిపించదు. సారు వేశానంటారు, పిల్లవాడు రాలేదంటాడు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పోస్టు డబ్బాలో వేయని ఉత్తరం లాంటిది అది.

తెలియజేసేటప్పుడు ఏం రాయాలి? "పనితీరు సంతృప్తికరంగా లేదు" అనే వాక్యం మన రహస్య నివేదికల్లో చూసి చూసి విసిగినదే. దానివల్ల ఎవరూ బాగుపడలేదు. నేను రాసేది ఇలా ఉండేది: "ముగింపు సరుకును వర్తకపు ఖాతాలో చూపావు, ఆస్తి అప్పుల పట్టీలో చూపలేదు. అందుకే రెండు వైపులా కలవలేదు. నాలుగవ లెక్క మళ్లీ చేసి గురువారం లోగా పంపు." మూడు వాక్యాలు. ఏం తప్పు, ఎందుకు, ఏం చేయాలి. వారం దాటకుండా చేరాలి. నెల తర్వాత చేరితే పిల్లవాడికి ఆ లెక్కే గుర్తుండదు.

ఎవరికి రాయాలి అన్నది అన్నిటికంటె ముఖ్యం. ఒక కళాశాలలో తరగతి మొత్తం మార్కుల జాబితాను, ఫెయిలైనవారి పేర్లకు ఎరుపు రంగు వేసి, తల్లిదండ్రులు కూడా ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఒక కుర్రవాడు ఆ రాత్రే గ్రూపులోంచి వెళ్లిపోయాడు, తర్వాత తరగతులకు రావడమే మానేశాడు. రెండు వారాలు తిరిగి, వాళ్ల మేనమామ ద్వారా మాట్లాడితే గాని మళ్లీ రాలేదు. అతనికి తగ్గినవి ఆరు మార్కులు. ఆ ఆరు మార్కులు ఎలా తెచ్చుకోవాలో అతనొక్కడికే చెప్పి ఉంటే సరిపోయేది. క్లాస్‌రూమ్‌లో ఉపాధ్యాయుడికి, ఆ విద్యార్థికి మాత్రమే కనిపించే వ్యాఖ్య వేరు, తరగతి అంతటికీ కనిపించే వ్యాఖ్య వేరు. రెండింటికీ తేడా తెలియనివారు మార్కుల జోలికి పోకూడదు. పాతకాలం పత్రికల్లో కూడా నంబర్లే వేశారు గాని పేరు, మార్కులు వేయలేదు. ఆ మాత్రం మర్యాద ఆనాడూ ఉండేది.

ఇది మర్యాదతో ఆగే విషయం కూడా కాదు. అమెరికాలో 1974లోనే విద్యార్థి రికార్డుల గోప్యతకు చట్టం చేశారు. అక్కడ పిల్లవాడికి 18 ఏళ్లు నిండినా, కళాశాలలో చేరినా, ఆ రికార్డుల మీద హక్కు తల్లిదండ్రుల నుంచి పిల్లవాడికే వెళుతుంది. పిల్లల దగ్గరకు వెళ్లినప్పుడు "మనవడి కాలేజీ మార్కులు కొడుక్కే చూపించరట" అని మనవాళ్లు ఆశ్చర్యపడేది అందుకే. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. అందులో 18 ఏళ్లు నిండనివారందరూ పిల్లల కిందికే వస్తారు. ఇక పాస్‌వర్డు విలువ ఎంతో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. 2024 డిసెంబరులో పవర్‌స్కూల్ అనే అమెరికా సంస్థ రికార్డుల్లోకి దొంగలు చొరబడి విద్యార్థుల, ఉపాధ్యాయుల వివరాలు ఎత్తుకుపోయారు. వారు లోపలికి వచ్చింది గోడ పగలగొట్టి కాదు, దొంగిలించిన లాగిన్ వివరాలతో.

ఇప్పుడు తాతలుగా, అమ్మమ్మలుగా, నాయనమ్మలుగా మనం చేయగలిగినవి క్లుప్తంగా మనవి చేస్తాను.

1. "ఎన్ని మార్కులు?" అని అడిగే ముందు "ఏవి ఖాళీగా ఉన్నాయి?" అని అడగండి. మొదటి ప్రశ్నకు పిల్లలు తలదించుకుంటారు, రెండవదానికి జవాబు చెబుతారు.

2. తెర మీద శాతం చూపిస్తే, అందులో ఖాళీలు కలిశాయా, లేదా అని అడగండి. పిల్లలకు తెలియకపోతే ఉపాధ్యాయుణ్ణి అడిగి తెలుసుకోమనండి.

3. కోర్సులో చేరిన మొదటి వారంలోనే పేరు, నంబరు పదవ తరగతి మెమోతో సరిపోయాయో లేదో పక్కన కూర్చుని చూడండి. అక్షరం అక్షరం సరిచూడటంలో మనకున్న ఓపిక వారికి ఉండదు.

4. ఏది సమర్పించినా, అందినట్లు తెర మీద వచ్చే సందేశాన్ని ఫోటోగా దాచుకోమనండి. రిజిస్టరు పోస్టుకు అక్నాలెడ్జిమెంటు కార్డు దాచుకున్నట్లే.

5. మార్కు తప్పు పడిందనిపిస్తే, విద్యార్థే ఉపాధ్యాయుడికి నేరుగా, మర్యాదగా, తేదీతో సహా రాయాలి. గ్రూపులో కాదు. మనం ఫోను చేసి కేకలు వేయడం అసలే కాదు.

6. పిల్లల పాస్‌వర్డు మనం అడగవద్దు, మన పాస్‌వర్డు వారికి చెప్పవద్దు. చూడాలనిపిస్తే, వారే తెరిచి చూపించినప్పుడు చూద్దాం.

7. చివరి మెమో వచ్చాక ఒక ప్రతి కాగితం మీద, ఒకటి 2015లో ప్రభుత్వం ప్రారంభించిన డిజిలాకర్‌లో దొరికితే అందులో ఉంచుకోమనండి.

నేను ముందే మనవి చేసిన నాయనమ్మ గారు కంప్యూటరు ముట్టుకోలేదు. ఇంట్లో ఎవరు చదువుతున్నారో, ఎందుకు పంపలేకపోతున్నారో ఆమెకు తెలుసు. అడిగినప్పుడు చెప్పింది. అటువంటి సమాచారం ఏ గ్రేడ్‌బుక్‌లోనూ ఉండదు. మన వయసువారి దగ్గర ఉంటుంది.

చివరిగా ఒక విన్నపం. మన సంఘ కార్యాలయం ఆదివారం ఉదయం ఎలాగూ తెరిచే ఉంటుంది. పేపరు చదువుకోవడానికి వచ్చేవారిలో రిటైరైన లెక్చరర్లు, హెడ్‌మాస్టర్లు, ఆఫీసు సూపరింటెండెంట్లు ఉన్నారు. ఇంట్లో ఫోను దొరకని పిల్లలు, పేరు తప్పు పడిన పిల్లలు, గడువు అర్థం కాని పిల్లలు ఎవరైనా సరే, సభ్యుల మనవలే కానక్కరలేదు, ఆ రెండు గంటలు వచ్చి కూర్చుని తమ ఖాళీ గడులు చూసుకుని వెళ్లే ఏర్పాటు చేయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. నా వంతుగా మొదటి మూడు నెలలు ప్రతి ఆదివారం నేను హాజరవుతాను. మరో ఇద్దరు మిత్రులు ముందుకు వస్తే వంతులు వేసుకోవచ్చు. పెద్దగా ఖర్చు లేని పని. ఒక కంప్యూటరు, ఇంటర్నెట్టు ఇప్పటికే ఉన్నాయి. కావలసింది, వరుసలో ఎక్కడ ఖాళీ ఉందో ఓపికగా చూసి, ఎందుకని అడిగే మనిషి.